కొబ్బరినీళ్లు ఒకరికి మంచివి, ఒకరికి కావు: నీరు తీసే మందుల కథ

మీ వీధిలో కాళ్లవాపులున్న పెద్దవాళ్లు ఇద్దరున్నారనుకోండి. ఇద్దరికీ డాక్టర్లు "నీరు తీసే మాత్ర" రాశారు. ఒకావిడతో డాక్టరు, "రోజూ ఒక అరటిపండు తినండమ్మా, కుదిరితే కొబ్బరినీళ్లు తాగండి" అన్నాడు. రెండో ఆయనతో ఆయన డాక్టరు, "కొబ్బరినీళ్ల జోలికి పోకండి" అని గట్టిగా చెప్పాడు. సాయంత్రం ఇద్దరూ అరుగుమీద కూర్చుని ఈ సంగతి చెప్పుకున్నారంటే ఏమనుకుంటారు? ఇద్దరు డాక్టర్లలో ఒకరికి చదువు సరిగ్గా రాలేదనుకుంటారు. ఆవిడ మాట విని ఆయన అక్కడికక్కడే బొండం కొట్టించుకున్నా ఆశ్చర్యం లేదు.

నిజానికి ఇద్దరు డాక్టర్లూ సరిగ్గానే చెప్పారు. మాత్రలే వేరు. ఆవిడ మింగే మాత్ర ఒంట్లోని నీటితోపాటు పొటాషియాన్ని కూడా బయటికి తోసేస్తుంది. ఆయన మింగేది నీటిని పంపించి పొటాషియాన్ని మాత్రం ఒంట్లోనే ఉంచుతుంది. ఈ రెండో రకాన్ని ఇంగ్లీషులో 'పొటాషియం స్పేరింగ్ డయూరెటిక్స్' అంటారు. ఈ 'స్పేరింగ్' అన్న మాటకు తెలుగు వెదకడం అనువాదకుడిగా నాకు ఎప్పుడూ తలనొప్పే. 'పొదుపు చేసే' అంటే కూడబెడుతుందేమో అనిపిస్తుంది. 'రక్షించే' అంటే మరీ పొగిడినట్లవుతుంది. అది చేసేదల్లా ఉన్నదాన్ని పోనివ్వకపోవడం. కాబట్టి 'పొటాషియాన్ని పోనివ్వని మందులు' అనుకుందాం.

పోనివ్వకపోవడం మంచిదే కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు.

కప్ప గుండె చెప్పిన సంగతి

కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని వడగట్టి కుండలో ఇగరబెడితే అడుగున తెల్లని ఉప్పు మిగులుతుంది. 'కుండలోని బూడిద' అన్న అర్థంలో దానికి ఐరోపాలో పొటాష్ అని పేరు. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన పొటాష్‌లోకి విద్యుత్తు పంపి, నీటిలో వేస్తే భగ్గుమనే మెత్తని లోహాన్ని వేరుచేశాడు. అదే పొటాషియం. ఇంత దూకుడుగా ఉండే మూలకం అయాను రూపంలో మన ప్రతి కణంలోనూ బుద్ధిగా కూర్చుని ఉంటుంది.

పెద్దవాళ్ల శరీరంలో పొటాషియం మొత్తం 130, 140 గ్రాముల దాకా ఉంటుంది. అందులో నూటికి 98 వంతులు కణాల లోపలే. కణాల బయట, రక్తంతో సహా ఉన్న ద్రవాలన్నిటిలో కలిపినా రెండు మూడు గ్రాములకు మించదు. లోపల అంత, బయట ఇంత అన్న ఈ తేడా మీదే నరాలు, కండరాలు, గుండె పనిచేస్తాయి. అందుకే రక్తంలో దాని మోతాదు లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి. మూడు కన్నా తగ్గితే కండరాలు నీరసిస్తాయి, పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. ఆరు దాటినా గుండె లయ తప్పుతుంది, మరీ పెరిగితే ఆగిపోతుంది. 

ఈ సంగతి మొదట పసిగట్టినవారిలో ముఖ్యుడు లండన్ డాక్టరు సిడ్నీ రింగర్. 1882, 83 సంవత్సరాల్లో ఆయన కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో ఎంతసేపు కొట్టుకుంటుందో చూసేవాడు. ఒకసారి గుండె గంటల తరబడి చక్కగా కొట్టుకుంది. ఆరా తీస్తే, ఆ ఉప్పునీటిని స్వేదనజలంతో కాక మామూలు కుళాయినీటితో కలిపారని తేలింది. కుళాయినీటిలో ఉన్న కాల్షియమే గుండెను ఆడించింది! అక్కడినుంచి ఆయన ఒక్కొక్క లవణాన్నీ చేర్చి, తీసేసి చూశాడు. పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోతుందనీ, కాల్షియం దానికి విరుగుడుగా పనిచేస్తుందనీ గ్రహించాడు. ఇవాళ ఆస్పత్రిలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన రోగికి ముందుగా సూదిద్వారా ఇచ్చేది కాల్షియమే. అది పొటాషియాన్ని తగ్గించదు. తగ్గించే మందులు పనిచేసేలోగా గుండెను కాపాడుతుంది. మీరు సెలైన్ సీసాల మీద 'రింగర్స్ లాక్టేట్' అన్న పేరు చూసే ఉంటారు. ఆ రింగర్ ఈయనే.

పాదరసం నుంచి సల్ఫాదాకా

గుండె బలహీనపడినా, కాలేయం గట్టిపడినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు ఉబ్బుతాయి, కడుపు కుండలా పెరుగుతుంది. మన పెద్దలు దీన్నే జలోదరం, నీరుపట్టడం అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో వైద్యులు కాళ్లకు సన్నని గొట్టాలు గుచ్చి ఆ నీటిని బొట్టుబొట్టుగా కార్చేవారంటే, మందులకోసం ఎంత వెతుకులాట ఉండేదో ఊహించుకోండి.

1919లో వియన్నాలో ఆల్ఫ్రెడ్ వోగెల్ అనే వైద్యవిద్యార్థి సిఫిలిస్ ఉన్న ఒక యువతికి పాదరసం కలిసిన కొత్త సూదిమందు ఇచ్చాడు. ఆ వార్డు నర్సులు రోగుల మూత్రాన్ని రోజూ కొలిచి పట్టికలో గీసేవారు. సూదిమందు పడిన రోజుల్లో గీత అమాంతంగా పైకి లేచింది. నర్సుల పట్టిక లేకపోతే ఈ సంగతి ఎవరి కంటా పడేది కాదేమో. తర్వాత గుండెజబ్బుతో ఉబ్బిపోయిన రోగులకు ఇస్తే లీటర్లకొద్దీ నీరు పోయింది. ఆపైన ముప్పై ఏళ్లపాటు పాదరసం సూదులే గతి అయ్యాయి. పాదరసం విషమని అందరికీ తెలుసు. అయినా వేరే దారి లేదు.

ఆ దారి సల్ఫా మందుల్లో దొరికింది. సూక్ష్మజీవులను చంపడానికి ఇచ్చే సల్ఫనిలమైడు మూత్రంలో లవణాలను మార్చేస్తోందని 1937లో గమనించారు. 1949లో బోస్టన్‌లో విలియం ష్వార్ట్స్ దాన్ని ముగ్గురు గుండెరోగులకు ఇచ్చి, సోడియం, నీరు బయటికి పోవడం చూశాడు. ఆ అణువునే సవరిస్తూపోయిన మెర్క్ సంస్థ శాస్త్రజ్ఞులు కార్ల్ బేయర్, జేమ్స్ స్ప్రేగ్, జాన్ బేయర్, ఫ్రెడరిక్ నోవెల్లో 1957లో క్లోరోథయజైడును అందించారు. సూది లేదు, పాదరసం లేదు, నోటితో మింగే మాత్ర! రక్తపోటుకు కూడా పనికొచ్చింది. ఈనాటి హైడ్రోక్లోరోథయజైడు వగైరాలు దాని సంతానమే.

కాని ఒక చిక్కు వచ్చిపడింది. ఈ మాత్రలు మింగినవారి రక్తంలో పొటాషియం పడిపోసాగింది. ఎందుకో తెలియాలంటే మూత్రపిండంలోకి ఒకసారి తొంగిచూడాలి.

మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. మూత్రంగా పోయేది లీటరున్నరే. మిగిలినదంతా సన్నని నాళికల పొడుగునా వెనక్కి పీల్చబడుతుంది. సోడియం వెనక్కి వస్తే దాని వెంట నీరు వస్తుంది. ఈ నాళికల చిట్టచివర ఒక చెక్‌పోస్టు లాంటిది ఉంది. అప్పటికి మిగిలిన కొద్దిపాటి సోడియాన్ని అక్కడ లోపలికి లాక్కుంటారు. బదులుగా పొటాషియాన్ని బయటికి పంపుతారు. థయజైడు అంతకు ముందు మజిలీలోనే సోడియాన్ని అడ్డుకుంటుంది. అలా ఆగిన సోడియమంతా చివరి చెక్‌పోస్టుకు వరదలా చేరుతుంది. అక్కడ మారకం జోరందుకుంటుంది. పొటాషియం ధారగా పోతుంది. అరుగుమీది ఆవిడకు అరటిపండు సలహా ఇచ్చింది ఇందుకే.

ఎడ్రినల్ గ్రంథిలో దాగిన లవణాల పెత్తందారు

మరి ఆ చెక్‌పోస్టును నడిపే అధికారి ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో ఇద్దరు వెదికారు. ఒకరు సిల్వియా సింప్సన్. ఆమె 1917లో సైబీరియాలోని ట్యూమెన్‌లో పుట్టి, కుటుంబంతో బ్రిటన్ చేరిన మహిళ. రెండోవారు జేమ్స్ టైట్, భౌతికశాస్త్రం చదివినవాడు. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథుల సారంలో ఉప్పును పట్టి ఉంచే పదార్థమేదో ఉందని అప్పటికే అనుమానం. తెలిసిన హార్మోన్లన్నీ తీసేశాక మిగిలిన మడ్డిలోనే ఆ గుణం ఎక్కువగా ఉండటం వింత.

సింప్సన్, టైట్ దాన్ని పట్టుకోవడానికి ఒక చక్కని పరీక్ష తయారుచేశారు. ఎడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకు రేడియోధార్మిక సోడియం, రేడియోధార్మిక పొటాషియం రెండూ ఎక్కించి, మూత్రంలో వాటి నిష్పత్తి చూసేవారు. సోడియం తగ్గి పొటాషియం పెరిగిందంటే ఎలుకకు ఇచ్చిన సారంలో తాము వెదికే పదార్థం ఉన్నట్టు. ఈ పరీక్ష ఎంత సున్నితమైనదంటే, కొద్దిపాటి సారం చాలు. ఇబ్బందల్లా కాలంతోనే. ఆ సోడియం పదిహేను గంటల్లో సగమైపోతుంది, పొటాషియం పన్నెండు గంటలకే. లెక్కలు తెలిసిన భౌతికశాస్త్రజ్ఞుడు, ఎలుకల పని తెలిసిన జీవశాస్త్రజ్ఞురాలు ఒకే బల్ల దగ్గర లేకపోతే ఈ పని సాగేది కాదు.

1952లో వారు ఆ పదార్థం ఉనికిని నిరూపించారు. 'ఎలక్ట్రోకార్టిన్' అని పేరు పెట్టారు. తర్వాత స్విట్జర్లాండులోని రైష్‌స్టైన్ బృందం, సీబా కంపెనీ రసాయనజ్ఞులు కలిశారు. 1953లో సుమారు 500 కిలోల గొడ్ల ఎడ్రినల్ గ్రంథుల నుంచి ఇరవై మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ శుద్ధమైన స్ఫటికాలు చేతికి వచ్చాయి. ఒక చిటికెడు కూడా కాదు! మరుసటి ఏడు దాని నిర్మాణం తేలింది. అణువులో ఆల్డిహైడు సమూహం ఉండటంతో పేరు 'ఆల్డోస్టిరోన్'గా మారింది. సింప్సన్, టైట్ 1956లో పెళ్లి చేసుకున్నారు. 1959లో ఇద్దరూ ఒకేసారి రాయల్ సొసైటీ ఫెలోలయ్యారు.

ఆల్డోస్టిరోన్ ఎక్కువైతే మనిషి ఏమవుతాడో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్‌కు వెంటనే ఎదురైంది. 1954లో 34 ఏళ్ల స్త్రీ ఒకామె ఆయన దగ్గరకొచ్చింది. ఏడేళ్లుగా కండరాల నీరసం. కాళ్లు ఉన్నట్టుండి చచ్చుబడిపోయేవి. పైగా అధిక రక్తపోటు. రక్తంలో పొటాషియం అడుగంటింది. ఆమె ఎడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరోన్‌ను అతిగా స్రవిస్తూ ఉండాలని కాన్ ఊహించాడు. అలాంటి జబ్బును అంతకు ముందు ఎవరూ వర్ణించలేదు. డిసెంబరులో ఆపరేషన్ చేస్తే గ్రంథిలో కణితి కనబడింది. దాన్ని తీసేశాక ఆమె కోలుకుంది. ఆ జబ్బుకు నేటికీ కాన్ పేరే ఉంది.

అధికారి పేరు తెలిసింది. ఇక అతణ్ణి కుర్చీలో కూర్చోనివ్వకుండా చేసే మందు కావాలి. ప్రొజెస్టిరోన్ అనే హార్మోను ఆల్డోస్టిరోన్‌కు అడ్డుతగులుతుందని అప్పుడప్పుడే తెలుస్తోంది. అమెరికాలో సెర్ల్ కంపెనీలోని జాన్ సెల్లా ఆ తరహా స్టెరాయిడ్ అణువులను రకరకాలుగా కట్టాడు. చార్లెస్ కగావా వాటిని జంతువుల మీద పరీక్షించాడు. 1957లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటిది నోటిద్వారా ఇస్తే సరిగా పనిచేయలేదు. సవరించగా వచ్చినదే స్పైరోనోలాక్టోన్. ఒకే పరమాణువు దగ్గర రెండు వలయాలు కలిస్తే 'స్పైరో' అంటారు. రెండో వలయం లాక్టోన్. పేరులోనే ఆకారం ఉందన్నమాట. 1960 నాటికి ఇది 'ఆల్డాక్టోన్' పేరుతో మందుల షాపులకు చేరింది.

దీని పనితీరు పూర్తిగా అర్థమవడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1987లో రొనాల్డ్ ఇవాన్స్ బృందం ఆల్డోస్టిరోన్ గ్రాహకపు జన్యువును వేరుచేసింది. ఆల్డోస్టిరోన్ కణం లోపలి ఈ గ్రాహకాన్ని పట్టుకుని, జన్యువుల దగ్గరకెళ్లి, సోడియం దారులను ఎక్కువగా తయారుచేయిస్తుంది. స్పైరోనోలాక్టోన్ ఆ గ్రాహకంలో తాను కూర్చుని ఊరకుంటుంది. కొత్త దారులు తయారు కావడం ఆగినా పాతవి కొంతకాలం ఉంటాయి. కాబట్టి ఈ మందు పట్టు చూపడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మానేసినా ఆ పట్టు వెంటనే పోదు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. ఇది పురుష హార్మోను గ్రాహకాల్లోనూ వేలు పెడుతుంది. కొందరు మగవాళ్లకు రొమ్ములు ఉబ్బి నొప్పి పెట్టడం, ఆడవారికి నెలసరి క్రమం తప్పడం అందువల్లే. గర్భిణులకు దీన్ని ఇవ్వకపోవడానికీ అదే కారణం. మొటిమలకూ అవాంఛిత రోమాలకూ చర్మవైద్యులు దీన్ని రాయడం అదే గుణాన్ని వాడుకోవడం.

సీతాకోకచిలుక రెక్క

ఈలోగా ఇంకో దారిన మరో మందు వచ్చింది. సీతాకోకచిలుకల రెక్కల్లోని పసుపు రంగుల్లో శాంతోప్టెరిన్ ఒకటి. 'ప్టెరాన్' అంటే గ్రీకులో రెక్క. ఈ రసాయనం మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుందని గమనించిన శాస్త్రజ్ఞులు దాని బంధువులైన టెరిడిన్లను వరసగా పరీక్షించి, 1961 ప్రాంతంలో ట్రయామ్‌టెరీన్‌ను కనుగొన్నారు. దీన్ని మింగినవారి మూత్రం నీలంగా మెరవడం ఒక తమాషా. ఇక్కడ తెలుగు పాఠకులు ఒక క్షణం ఆగవచ్చు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945 ప్రాంతంలో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం అణువులోనూ ఇదే టెరిడిన్ వలయం ఉంది. ఆ చుట్టరికం వల్లే ట్రయామ్‌టెరీన్ ఫోలిక్ ఆమ్లం పనికి కొంచెం అడ్డుపడుతుంది కూడా. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మెర్క్ సంస్థ ఎమిలోరైడు తెచ్చింది.

ఈ రెండూ ఆల్డోస్టిరోన్‌తో తగవు పెట్టుకోవు. నేరుగా సోడియం దారికే బిరడా వేస్తాయి. ఈ తేడా 1963లో గ్రాంట్ లిడిల్ వర్ణించిన ఒక కుటుంబంలో చక్కగా బయటపడింది. పదహారేళ్ల అమ్మాయికి కాన్ చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి గాని ఆల్డోస్టిరోన్ మాత్రం అతి తక్కువ. స్పైరోనోలాక్టోన్ ఆమెకు పనిచేయలేదు, ట్రయామ్‌టెరీన్ పనిచేసింది. అధికారి ఇంటికి వెళ్లినా గేటు తెరిచే ఉండిపోయిందన్నమాట. ఆ గేటు జన్యువులోనే లోపం ఉందని 1994లో రుజువైంది.

ఒక విజయం, దాని వెనకాల

ముప్పై నలభై ఏళ్లపాటు ఈ మందులు సహాయక పాత్రల్లోనే ఉండిపోయాయి. సొంతంగా నీరు తీసే శక్తి వీటికి తక్కువ. చివరి చెక్‌పోస్టుకు చేరే సోడియమే కాస్తంత కదా. కాలేయం గట్టిపడి కడుపులో నీరు చేరినవారికి మాత్రం స్పైరోనోలాక్టోనే ముందుండేది, ఎందుకంటే అక్కడ ఆల్డోస్టిరోన్‌దే పెత్తనం. మిగతా చోట్ల ఫ్రూసెమైడు వంటి గట్టి మందుకు జోడీగా ఇచ్చేవారు. మన దేశంలో ఆ రెండూ కలిపిన మాత్రలు ఇప్పటికీ విరివిగా అమ్ముడవుతాయి.

1999లో కథ మలుపు తిరిగింది. బెర్‌ట్రమ్ పిట్ నాయకత్వాన 1663 మంది తీవ్ర గుండె వైఫల్యపు రోగులమీద జరిగిన 'రేల్స్' అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. సగం మందికి మామూలు మందులతోపాటు రోజుకు 25 మిల్లీగ్రాముల స్పైరోనోలాక్టోన్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి 46 మంది చనిపోతే, మందు తీసుకున్నవారిలో 35 మంది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన చవక మాత్ర ప్రాణాలు నిలబెట్టింది! ప్రపంచమంతటా డాక్టర్లు దాన్ని రాయడం మొదలెట్టారు.

ఆ తర్వాత ఏం జరిగిందో కెనడాలోని ఆంటారియో రాష్ట్రపు లెక్కలు చెప్పాయి. 2004లో డేవిడ్ జుర్లింక్ బృందం వాటిని ప్రచురించింది. గుండె వైఫల్యానికి ఏ.సి.ఇ. నిరోధకాలు (ఎనాలప్రిల్, రామిప్రిల్ వంటివి) వాడుతున్న వృద్ధుల్లో స్పైరోనోలాక్టోన్ వాడకం 1994లో వెయ్యికి 34 ఉండగా, 2001 చివరికి 149 అయింది. అదే కాలంలో పొటాషియం పెరిగి ఆస్పత్రి పాలైనవారు వెయ్యికి 2.4 నుంచి 11కు, అందువల్ల మరణించినవారు 0.3 నుంచి 2కు పెరిగారు. పోనీ గుండె వైఫల్యపు మరణాలన్నా తగ్గాయా అంటే, అదీ కనబడలేదు.

అదే మందు, అదే జబ్బు. మరి తేడా ఎక్కడ? 'రేల్స్'లో మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారినీ, పొటాషియం మొదటే ఎక్కువున్నవారినీ చేర్చుకోలేదు. చేర్చుకున్నవారికి గడువు ప్రకారం రక్తపరీక్షలు చేశారు, పొటాషియం పెరిగితే మోతాదు తగ్గించారు. బయటి ప్రపంచంలో మందు చీటీ మాత్రమే వ్యాపించింది, పరీక్షలు దాని వెంట వెళ్లలేదు. ఏ.సి.ఇ. నిరోధకాలు సైతం ఆల్డోస్టిరోన్‌ను తగ్గించేవే. లోసార్టన్, టెల్మిసార్టన్ వంటివీ అంతే. అధికారిని రెండు వైపులా కట్టేస్తే పొటాషియం బయటికి పోయే తలుపు దాదాపు మూసుకుపోతుంది. ఆ ఇద్దరూ కలిసి ఉండటమే గుండెకు మేలు. ఆ ఇద్దరూ కలిసి ఉండటమే ప్రమాదం.

మీ ఇంట్లో ఈ మాత్ర ఉంటే

ఇది పుస్తకాల్లో చదివి మాత్రమే చెప్పడం లేదు. మా మామయ్యకు గుండె బలహీనత. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ రెండూ వాడేవాడు. రక్తపోటుకు ఉప్పు చెడ్డదని చెప్పి, "సోడియం తక్కువుండే ఉప్పు దొరుకుతోంది, అది వాడండి" అని అత్తయ్యకు సలహా ఇచ్చింది నేనే. సోడియం తగ్గించి ఆ ఉప్పులో కలిపేది పొటాషియం క్లోరైడు. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. మామయ్య మాత్రల పేర్లు అడగాలని తోచలేదు, అంతే. ఆయన మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్ కూడా కొనుక్కున్నాడు. నెల తిరక్కుండానే కాళ్లలో సత్తువ లేదన్నాడు. పరీక్ష చేయిస్తే పొటాషియం 6.4. మూడు రోజులు ఆస్పత్రిలో, గుండెకు తీగలు తగిలించి ఉంచారు. నయం, ఆయనకు నీరసమన్నా వచ్చింది. చాలామందికి ఏ సూచనా ఉండదు. కాబట్టి "ఒంట్లో బాగానే ఉంది కదా" అన్నది ఈ మందు విషయంలో పనికిరాని కొలమానం. రక్తపరీక్ష ఒక్కటే కొలమానం.

మందు మొదలుపెట్టిన వారంలో ఒకసారి, నెలకు ఒకసారి, ఆపైన కొన్ని నెలలకొకసారి పొటాషియం, క్రియాటినిన్ చూడటం వాడుక. మోతాదు మారినా, ఇంకో మందు చేరినా మళ్లీ చూడాలి. మీ ఇంట్లో ఎవరైనా దీన్ని వాడుతుంటే చివరి పరీక్ష ఎప్పుడు జరిగిందో అడిగి చూడండి. మధుమేహం ఉన్నవారికి, మూత్రపిండాల పని తగ్గినవారికి, డెబ్బై దాటినవారికి ఈ లెక్క ఇంకా దగ్గర దగ్గరగా ఉండాలి. ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోయిన రోజుల్లో మూత్రపిండాలు మందగిస్తాయి. మాత్రేమో రెండు మూడు రోజులదాకా పట్టు విడవదని ఇందాక చెప్పుకున్నాం. అందుచేత అలాంటప్పుడు రేపు చూద్దాంలే అనుకోకుండా ఆరోజే డాక్టరుకు చెప్పాలి. మాత్ర ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలి అన్నది ఆయన చెబుతారు. భయపడి మనంతట మనం పూర్తిగా మానేస్తే గుండె తిరిగి ఉబ్బసానికి దిగుతుంది, అదీ తక్కువ ప్రమాదం కాదు.

నొప్పిమాత్రల సంగతి మామయ్య కథలో చూశారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి. ఇంతకన్నా మోసపుచ్చేది ఒక యాంటిబయాటిక్. మూత్రంలో మంటకు చవగ్గా దొరికే కో-ట్రైమాక్సజోల్‌లోని ట్రైమిథోప్రిమ్ అచ్చం ఎమిలోరైడులాగానే సోడియం దారికి బిరడా వేస్తుంది. స్పైరోనోలాక్టోన్ వాడుతున్న వృద్ధుల్లో దీన్ని తీసుకున్నవారికి, ఎమాక్సిసిలిన్ తీసుకున్నవారికన్నా పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరే అవకాశం పన్నెండు రెట్లు ఎక్కువని 2011లో ఆంటారియో నుంచే ఇంకో అధ్యయనం వచ్చింది. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, పాత మాత్రల అట్టలు వెంట తీసుకువెళ్లడం మేలు.

తిండి విషయంలో మాత్రం కొందరు అతిగా భయపెడతారు. మూత్రపిండాలు బాగున్నవారు ఒక అరటిపండు తిన్నంతమాత్రాన కొంప మునగదు. లెక్కకు మించి కొబ్బరినీళ్లు, పొటాషియం ఉప్పు, డాక్టరు ఇవ్వని పొటాషియం సిరప్పులు, ఇవీ చూసుకోవలసినవి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు ఉప్పుకు బదులు పొటాషియం కలిసిన ఉప్పు వాడటం మంచిదని సూచించింది. అయితే పిల్లలు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బువారు, పొటాషియం బయటికి పోవడానికి అడ్డంకి ఉన్నవారిని అందులోంచి మినహాయించింది. అరుగుమీది రెండో ఆయన ఈ ఆఖరి కోవలోకి వస్తాడు.

పరీక్ష గురించి ఒక చిన్నమాట. రక్తం తీసేటప్పుడు పిడికిలి బిగించి వదులుతూ ఉన్నా, గొట్టంలో ఎర్రకణాలు చితికినా పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. కణాల లోపలే నూటికి 98 వంతులున్నాయని చెప్పుకున్నాం కదా, అది బయటికి కారుతుంది. అంకె వింతగా ఉంటే డాక్టరు మళ్లీ రక్తం తీయించడమూ, ఇ.సి.జి. తీయించడమూ అందుకే.

ఆంటారియో కథకు మరో కొస ఉంది. స్కాట్లాండులోని టేసైడ్ ప్రాంతంలో 1994 నుంచి 2007 దాకా జరిగిన వాడకాన్ని 2010లో లెక్కగట్టారు. అక్కడా 'రేల్స్' తర్వాత చీటీలు బాగా పెరిగాయి. కాని పొటాషియం ప్రమాదాలు ఆ దామాషాలో పెరగలేదు. రక్తపరీక్షలు జాగ్రత్తగా జరగడమే కారణం కావచ్చునని ఆ పరిశోధకులు రాశారు. రసాయనజ్ఞులూ ఊరకే లేరు. రొమ్ముల వాపు తక్కువగా ఉండే ఎప్లెరినోన్ 2002లో వచ్చింది. స్టెరాయిడ్ కాని ఫినరెనోన్‌కు 2021లో అమెరికాలో అనుమతి దొరికింది, ముఖ్యంగా మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్నవారికోసం. వీటికీ పొటాషియం పరీక్ష తప్పదు.

మామయ్య ఇప్పటికీ స్పైరోనోలాక్టోన్ మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు. డాక్టరు మోతాదు సగం చేశారు. క్యాలెండరు మీద రక్తపరీక్ష తేదీల చుట్టూ అత్తయ్య ఎర్రసిరాతో సున్నా చుడుతుంది. కొబ్బరిబొండాలు మాత్రం తోటనుంచి తెప్పించి, వేసవిలో వెళ్లిన మాకందరికీ ఆయనే స్వయంగా కొట్టి ఇస్తాడు.